పసుపు పెట్టిన బ్యాటు

"రేపటి నుంచి మీ పిల్లలు ఆడేది మానే బ్యాటుతోనండీ!" అని డాక్టర్ మీనాక్షి మైకులో ప్రకటించింది.

ముందు వరుసలో కూచున్న వ్యాయామం సారు సాయన్నకు కుడిచెవి సగం, ఎడమచెవి పావు పనిచేస్తాయి. రెండూ కూడితే ముప్పావు. ఆ ముప్పావు చెవికి "మీ పిల్లలు ఆడేది మానే" అన్నంతవరకే అందింది. ఆయన కుర్చీ వెనక్కి పడేలా లేచాడు.

"ఎందుకు మానాలె మేడం? మా పోరగాళ్లు ఏం పాపం జేసిన్రు? పన్నెండేండ్ల సంది సాఫ్ట్‌బాల్ నేర్పుతున్న. ఎండల నేర్పిన, వానల నేర్పిన. ఇయ్యాల ఏసీ రూముల కూసొని ఆట మానుమంటరా?"

హాల్లో నలభై బడుల సార్లూ టీచర్లూ ఉన్నారు. ఆట మానేయమంటున్నారన్న మాట వరుస నుంచి వరుసకు పాకింది. ఆఖరి వరుసకు చేరేసరికి ఏకంగా ఉద్యోగాలే తీసేస్తున్నారన్న వార్త అయింది. "కాదండీ బాబూ, మానడమంటే హీలింగండీ, హీలింగ్," అని మీనాక్షి తన కాకినాడ యాసలో మొత్తుకుంటే, "ఈలలేసుడా? ఈల నా మెడలనే ఉన్నది. దాంతోని బ్యాటుకేం పని?" అని సాయన్న ఈల ఊపి చూపించాడు.

అప్పుడు మీనాక్షి ల్యాబులో పనిచేసే లింబాద్రి మైకు అందుకున్నాడు. నిజానికి ఆయన గొంతుకు మైకు దండగ. పదకొండేళ్ళుగా ల్యాబులో గాలి ఫిరంగి పక్కన నిలబడి, దాని చప్పుడు మీద అరిచి అరిచి పండిన గొంతు అది.

"సార్లూ, కూసోండ్రి! మానుడంటే బందువెట్టుడు గాదు, పుండు మానుడు! ఈ బ్యాటుకు దెబ్బ తాకితే తెల్లారేసరికి దానంతటదే మానుతది. మన లెక్క దవాఖానకు వోదు, సెలవు చీటీ రాయదు. ఎన్కట బ్యాట్లు మానుతోనే చెక్కెటోళ్లు. ఇప్పుడు మాను లేని బ్యాటే మానుతున్నది!"

హాలు గొల్లుమంది. సాయన్న సారుకు ఎవరో చెవిలో మళ్ళీ చెబితే, ఆయన అందరికంటే అర నిమిషం ఆలస్యంగా, అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు.

*

నిజామాబాద్ శివారులోని ఆ ల్యాబులో లింబాద్రి పని బ్యాట్లను చావగొట్టడం. బ్యాటును ఇనుప పట్టులో బిగించి, గాలి ఫిరంగిలోంచి బంతిని వదిలి, తిరిగి ఎంత వేగంగా వస్తుందో రాసుకోవడం. ఇంటికెళ్ళాక "ఇయ్యాల ఎందరిని కొట్టినవ్?" అని భార్య అడిగితే, "నలుగురిని. ఒకడు నాలుగొందల దెబ్బలకు గూడ నోరు విప్పలే," అనేవాడు.

ఆ దెబ్బల్లోనే మీనాక్షి తొమ్మిదేళ్ళ చదువంతా ఉంది. ఈ బ్యాట్లు కార్బన్ గుడ్డ పొరలను జిగురుతో అతికించి, లోపల బోలుగా చేసినవి. కొత్తది బిర్రుగా ఉంటుంది, బంతిని తోస్తుందేగాని విసరదు. దెబ్బలు తినగా తినగా జిగురులో వెంట్రుకకన్నా సన్నని పగుళ్లు పుడతాయి. గోడ మెత్తబడుతుంది. బంతి తాకగానే లోపలికి వంగి స్ప్రింగులా చిమ్ముతుంది. పగలబోయే ముందరి ఇరవై దెబ్బలే బ్యాటు బతుకులో బంగారు దెబ్బలు. ఇరవై ఒకటోది ఆఖరిది.

మీనాక్షి ఆ జిగురులో పిండి రేణువులంత గుళికలు కలిపింది. పగులు ఎక్కడ పుడితే అక్కడి గుళిక చిట్లి, లోపలి మందు కారి, ఎనిమిది గంటల్లో గట్టిపడుతుంది. సాయంత్రానికి చావు అంచు దాకా వెళ్ళిన బ్యాటు పొద్దున్నే కొత్తగా లేస్తుంది. ఆ లేవడం నిజమో కాదో చూడ్డానికి ఒక నొక్కుడు మిషను. దాని దవడల మధ్య బ్యాటును నొక్కితే గోడ ఎంత గట్టిగా ఉందో అంకె చెబుతుంది. కొత్త బ్యాటుకు రెండు వందల ఇరవై. పొద్దున్నే రెండు వందలకు తగ్గితే ఆ రోజు దాంతో ఆడకూడదు.

మిషను పైన గోడ మీద మీనాక్షి ఎర్రరంగుతో రాయించింది: నొక్కకుండా రాయకూడదు.

"మేడం నొక్కి చెప్పిన్రు," అని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు లింబాద్రి.

నలభై బడులకూ తలా ఒక బ్యాటు వెళ్ళింది. వాటిని నెలకోసారి నొక్కితే చాలన్నారు. రోజూ నొక్కి రాయవలసిన నమూనా బ్యాటు మాత్రం లింబాద్రి కూతురు రుచిత జట్టుకు వచ్చింది. సాయంత్రం ఆట కాగానే అది లింబాద్రి ఇంట్లో నిద్రపోతుంది. పొద్దున ఆయన స్కూటరు మీద ల్యాబుకొచ్చి, నొక్కించుకుని, రిజిస్టరులో అంకె వేయించుకుని గ్రౌండుకు వెళుతుంది. అరవై ఒక్క పొద్దులు అలాగే గడిచాయి. అరవై ఒక్కసార్లూ అంకె రెండు వందల పదికీ పద్నాలుగుకీ మధ్యనే ఉంది.

రుచితకు పదిహేడేళ్ళు. జిల్లా జట్టులో బంతి వేసేది ఆమే. చేయి గిర్రున గాలిమరలా తిప్పి నడుము కింద నుంచి బంతి వదిలితే బ్యాటు పట్టినవాళ్ళకు చప్పుడే తెలిసేది, బంతి తెలిసేది కాదు. జాతీయ శిబిరానికి రమ్మని పిలుపు వచ్చింది. దసరా వెళ్ళిన వారానికే ప్రయాణం. ఆ చీటీని తల్లి గంగామణి దేవుడి పటం వెనక పెట్టి, రోజుకోసారి తీసి చూసుకుని, మళ్ళీ పెట్టేది. గంగామణి పసుపు ఉడకబెట్టి మెరుగుపెట్టే కళ్లంలో పనిచేస్తుంది. ఆమె అరచేతులు ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటాయి.

ఆయుధపూజకు ముందురోజు సాయంత్రం రుచిత, ఆమె స్నేహితురాలు జమున కలిసి బ్యాటు తెచ్చారు. జమున ఆ రోజు ఎనభై దెబ్బలు కొట్టింది. వాకిట్లో ఏటవాలు ఎండ పడి బ్యాటు ఒంటి మీది గీతలు సాలెగూడులా కనిపించాయి.

"ఏందే ఇది, గిట్ల గీతలు వడ్డయ్?" అంది గంగామణి.

"దెబ్బలు తాకినయ్ పెద్దమ్మా," అంది జమున.

"పొద్దుగాల్లకు మానుతయ్ తియ్ అమ్మా. బాపు చెప్పలే?"

"మానుతయ్, మానుతయ్. ఉత్తగనే మానుతయా? నీ మోకాలు మూడుసార్లు వగిలె. ఏం వెట్టి మాన్పిన?"

గంగామణి పసుపు కొమ్ము నూరి, నువ్వులనూనెలో వెచ్చచేసి, గిన్నెతో తెచ్చింది. బ్యాటును ఒళ్ళో పెట్టుకుని, గీత గీతలోకీ బొటనవేలితో మెత్తగా అద్దింది. రేపు పండగ, ఎలాగూ పసుపు పెట్టాల్సిందే. సరిగ్గా అప్పుడే లింబాద్రి వచ్చాడు. ఆయన ఆపలేదు. ఆపడానికి ఏమీ కనపడలేదు. "పసుపు వెట్టి పెండ్లికొడుకును జేసినవ్. ఇగ వీనికి పిల్లనెక్కడ దేవాలె?" అంటూ వెనకవైపు కూడా అందేలా బ్యాటును తిప్పి పట్టుకున్నాడు. గంగామణి పాతచీర ముక్క చుట్టి దాన్ని దేవుడి ముందు పడుకోబెట్టింది.

*

మరునాడు ల్యాబులో పూజ. మీనాక్షి పండగకు కాకినాడ వెళ్ళింది కాబట్టి పెద్దరికం లింబాద్రిదే. బంతులు కొట్టే ఫిరంగికి బంతిపూల దండ వేశాడు. నొక్కుడు మిషనుకు బొట్లు పెట్టి, దాని దవడల మధ్య నిమ్మకాయ ఉంచాడు. పూజలో కూచోబెట్టిన పనిముట్టును మరునాడు పంతులొచ్చి కొబ్బరికాయ కొట్టి లేపేదాకా ఎవరూ కదపరు. లింబాద్రి తాత మగ్గానికి అలాగే చేసేవాడు, తండ్రి లారీకి అలాగే చేసేవాడు.

మరునాడు పంతులు పది గంటలకు వస్తానన్నాడు. మ్యాచు ఎనిమిదికి.

ఏడు గంటలకు లింబాద్రి మిషను ముందు నిలబడ్డాడు. చంకలో బ్యాటు. నిమ్మకాయ తీయాలి, దవడలు కదపాలి. చేయి చాచి వెనక్కి తీసుకున్నాడు. రిజిస్టరు తెరిచాడు. పైన అరవై ఒక్క అంకెలు బుద్ధిగా వరుసలో నిలబడి ఉన్నాయి.

"నిన్నంత పండుకునే ఉన్నది. ఎనిమిది గంటలేంది, ముప్పయారు గంటలాయె. ఇయ్యాల మానకపోతదా?" అని తనకు తానే చెప్పుకుని, రెండు వందల పన్నెండు అని రాశాడు. రాశాక ఎర్రరంగు అక్షరాల వైపు చూడలేదు.

కాలేజీ గ్రౌండులో రెండు జట్లుగా విడిపోయి ఆడుతున్నారు. రుచిత బంతి వేస్తోంది, జమున బ్యాటు పట్టింది. మధ్య దూరం నలభై మూడు అడుగులు. మొదటి దెబ్బకు బంతి గోడ దాటింది. పిల్లలు కేకలు. "పండుగ నాడు బ్యాటుకు పరమాన్నం వెట్టిన్రెవరో!" అని లింబాద్రి స్కోరు బల్ల దగ్గర నుంచి అరిచాడు.

రెండో దెబ్బకు బంతి గోడే కాదు, గోడవతలి రోడ్డూ దాటింది.

లింబాద్రి నోట్లో ఇంకో చమత్కారం తయారై ఉంది. అది బయటికి రాలేదు. పదకొండేళ్ళు బ్యాట్లను చావగొట్టినవాడికి ఆ దెబ్బ చప్పుడు తెలుసు. రెండు వందల పన్నెండున్న బ్యాటు అలా కొట్టదు. చావబోయే బ్యాటే అలా కొడుతుంది. లేచి ఆపాలి. ఆపితే ఎందుకంటారు. ఎందుకంటే నొక్కలేదని చెప్పాలి. ఈ లెక్కంతా చేసుకోవడానికి ఆయనకు ఒక్క బంతి వేసేంత సమయం పట్టింది.

రుచిత ఆ బంతి వేసింది.

ఎప్పటి ఠంగుమనే మోత కాదు, ఎండుకట్టె విరిచిన చప్పుడు. జమున చేతిలో పిడి మిగిలింది. మిగతాది గిర్రున తిరుగుతూ నలభై మూడు అడుగులు వెళ్ళింది. రుచిత చేయి ఇంకా గాలిమర తిరుగుడు పూర్తి చేయనే లేదు.

*

కుడికన్ను ఉండదన్నారు డాక్టర్లు. ఎడమకన్నుకు ఏమీ కాలేదని రెండోసారి చెప్పారు, అది శుభవార్త అన్నట్టు.

నాలుగో రోజు రుచిత మాట్లాడింది. "ఒక జోకు చెప్పు బాపూ."

లింబాద్రి నోరు తెరిచాడు. నలభై ఎనిమిదేళ్ళలో ఆ నోరు ఖాళీగా తెరుచుకోవడం అదే మొదలు. వెతికాడు. కన్ను మీద ఎన్ని మాటలు లేవు? అన్నీ వచ్చాయి, ఒక్కటీ బిడ్డకు చెప్పదగ్గది కాదు.

"సరే, నేనే చెప్త," అంది రుచిత. "గురి చూసేటోళ్లు ఎట్లైనా ఒక కన్ను మూస్తరు గద. నాకు ఇగ ఆ కష్టం లేదు."

ఆయన లేచి వరండాలోకి వెళ్ళి గోడకు ముఖం ఆనించాడు. వెనక నుంచి రుచిత గొంతు వినిపించింది. "జమున ఏడుసుకుంట కూసున్నది బాపూ. నేనే గట్టిగ కొట్టిన అంటది. గట్టిగ కొట్టుడు తప్పా? మరి బ్యాటెందుకు వగిలింది?"

రోజూ మానే బ్యాటుకు ఆ రాత్రి కొత్తగా తగిలింది పసుపొక్కటే. తెలిసిపోయినట్టే ఉంది, కానీ ఆయనకు తెలియకుండా ఉండాలని ఉంది. అందుకే పరీక్ష చేశాడు. ఒకే రోజు తయారైన రెండు బ్యాట్లు తీసుకుని, రెండింటినీ ఆ సాయంత్రం జమున కొట్టినట్టే ఫిరంగితో ఎనభై దెబ్బలు కొట్టి నూట యాభైకి దింపాడు. ఒకదాన్ని ఉత్తగా పడుకోబెట్టాడు. రెండోదానికి ఇంటి నుంచి తెచ్చిన ఆ గిన్నెలోని నూనె పసుపే అద్దాడు. మరునాడు పొద్దున నొక్కాడు. ఉత్తదానికి రెండు వందల పదమూడు. పసుపుదానికి నూట యాభై ఒకటి.

మళ్ళీ నొక్కాడు. నూట యాభై ఒకటి. నూనె పగుళ్ల లోపలికి దిగింది, పసుపు మందును గట్టిపడనివ్వలేదు. పుండులో పురుగును చంపే పసుపు ఇక్కడ మాన్పేదాన్నే చంపింది.

అంకె రాసిన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇది చెప్పాలంటే గంగామణికే ముందు చెప్పాలి. నీ బిడ్డ కన్ను మీద నీ బొటనవేలు ఉందని ఏ నోటితో చెప్పడం? ఇంటికి వెళితే ఆమె ఆస్పత్రికి అన్నం కడుతోంది. జాతీయ శిబిరం చీటీ ఇంకా పటం వెనకే ఉంది.

ఈలోగా విచారణ సంఘం తేల్చేసింది. జిగురు నమూనాలు చక్కగా మానుతున్నాయి. ఆ పొద్దున రిజిస్టరులో రెండు వందల పన్నెండు ఉంది. అంటే బ్యాటు ల్యాబు నుంచి బాగానే వెళ్ళింది. దెబ్బ ఎక్కువ దూరం పోవాలని దొంగచాటుగా రోలరు కింద నలిపి మెత్తచేసే మోసం ఒకటి ఈ ఆటలో ఉంది, ఇది అదే అయి ఉండాలి. బ్యాటు జమున చేతిలో ఉంది. జమున ఇక ఆడకూడదు. మిగతా నలభై బ్యాట్ల మీద సోమవారం ముద్ర వేసి తిరిగి ఆటకు పంపవచ్చు.

సంఘం కట్టిన గోడంతా లింబాద్రి రాసిన ఒక్క అంకె మీద నిలబడింది.

*

సోమవారం అదే హాలు. నలభై బడులు, నలభై బ్యాట్లు. ముద్ర వేయవలసింది లింబాద్రి. వేదిక మీద మీనాక్షి, నిద్రలేని ముఖంతో. మూల కుర్చీలో జమున, తల దించుకుని. రుచిత నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తల్లి చేయి పట్టుకుని వచ్చి జమున పక్కన కూచుంది. జమున కోసం మాట్లాడతానని పట్టుబట్టి వచ్చింది.

వరుసలో మొదటివాడు సాయన్న సారే. బ్యాటు బల్ల మీద పెట్టాడు. దాని ఒళ్ళంతా ఎండిన పసుపు.

"పూజ జేసిన్రా సార్?" లింబాద్రి చెవి దగ్గర అడిగాడు.

"చెయ్యమా మరి? పిల్లలు గిన్నెడు పూసిన్రు."

లింబాద్రి తలెత్తి వరుస పొడుగునా చూశాడు. రెండో బ్యాటు పచ్చగా ఉంది. మూడోది పచ్చగా ఉంది. కొన్నిటిని కడిగారు, గీతల్లో పసుపు మిగిలే ఉంది. నలభై బ్యాట్లు, నలభై మైదానాలు, నలభై మూడేసి అడుగుల దూరంలో నలభైమంది పిల్లలు.

ఆయన ముద్ర కింద పెట్టి మైకు తీసుకున్నాడు. జనం అలవాటు కొద్దీ ముందే నవ్వడం మొదలుపెట్టారు. ఆ రోజు మాత్రం ఆయన గొంతుకు మైకు కావలసి వచ్చింది.

"నవ్వకుండ్రి. ఆ రెండు వందల పన్నెండు నేను రాసిన. నొక్కలే. మిషను పూజల ఉన్నదని ముట్టకుంట ఉత్తగ రాసిన. జమున ఏం జెయ్యలే. రెండు రాత్రులు పండుకున్నా బ్యాటు మానలే. ఎందుకు మానలేదంటే..." జేబులో చీటీ తీశాడు. "పసుపు. పసుపు నూనె పగుళ్లలకు దిగితే మందు గట్టిపడది. పరీక్ష జేసి చూసిన. ఆ పసుపు నేనే వెట్టిన."

"నువ్వెక్కడ వెట్టినవయ్యా?"

గంగామణి లేచింది. మెల్లగా నడిచి వచ్చి, వేదిక బల్ల మీద రెండు అరచేతులూ తెరిచి పెట్టింది. పచ్చటి చేతులు.

"నేను వెట్టిన మేడం. పుండుకు వెట్టినట్టే గీత గీతకు అద్దిన. ఆయన తిప్పి పట్టుకున్నడు, అంతే. మాన్పుదామని వెట్టిన. అది మానకుంట జేసిన్నా నేను?"

మీనాక్షి ఆ చేతుల మీద తన చేతులు ఉంచింది. "మీకు ఎవరూ చెప్పలేదమ్మా. చెప్పడానికి నాకే తెలీదు. తొమ్మిదేళ్ళు ఎండ చూశాను, చలి చూశాను, వాన చూశాను, చెమట చూశాను. పసుపు చూడలేదండీ. పసుపు పండే ఊళ్ళో కూచుని పసుపు చూడలేదు."

సాయన్న రెండు చెవులకూ అరచేతులు దొప్పల్లా పెట్టుకుని "ఏమంటున్నరు? ఏమైందట?" అని పక్కవాళ్ళను అడుగుతున్నాడు. లింబాద్రి వంగి ఆయన చెవిలో మొదటి నుంచీ చెప్పాడు. పూజ సంగతి, నొక్కకపోవడం, నూనె, పసుపు, అంకె. అంతా విని ఆయన జేబురుమాలు తీసి తన బ్యాటును రుద్దడం మొదలుపెట్టాడు. వెనకవాళ్ళూ కొంగులతో, రుమాళ్ళతో తుడవసాగారు.

"తుడిస్తే పోదు సారూ," అన్నాడు లింబాద్రి. "లోపలికి దిగింది."

ఒక్కొక్కరే వచ్చి బ్యాట్లు బల్ల మీద పెట్టి వెళ్ళారు. అన్నిటినీ ఫిరంగి ముందు బిగించి ముక్కలు చేయాల్సిందే. అది కూడా లింబాద్రి పనే.

రుచిత కదలకుండా కూచుని ఉంది. జమున ఆమె భుజం మీద తల పెట్టి ఏడుస్తోంది. నల్లద్దాలు తండ్రి వైపు తిరిగాయి.

"ఆ పొద్దుగాల నొక్కి ఉంటే ఎంతొస్తుండె బాపూ?"

ఆయన దగ్గర ఆ అంకె చీటీ మీద రాసి ఉంది. చూడనక్కర్లేదు.

"నూట యాభై ఒకటి, బిడ్డా."

"ఆడకపోతుంటిమి గద?"

లింబాద్రి చేతిలో మైకు ఉన్న సంగతి ఆయన మరిచిపోయాడు. అది పనిచేస్తూనే ఉంది.

"ఆడకపోతుంటిరి," అన్నాడు.

హాలంతా విన్నది. సాయన్న సారు ఈసారి పక్కవాళ్ళను ఏమీ అడగలేదు.